బసప్పను నేనే రానివ్వలేదు

పదిహేనేళ్లు దాటింది. ఒక అబద్ధాన్ని గుండెల మీద మోసుకుంటూ తిరుగుతున్నాను. మొన్నమొన్నటిదాకా ఎవరికీ తెలియదు. నన్ను చూసినవాళ్లు, పుస్తకాలు చదివే మనిషి, మంచిది అంటారు. ఆ మాట విన్నప్పుడల్లా ఒళ్లు మండుతుంది. వాళ్ల మీద కాదు, నా మీదే. కాదు, వాళ్ల మీద కూడా. ఇప్పుడు కూడా అబద్ధం ఎందుకు?

నా పేరు చెప్పను. మీరెవరో నాకు తెలియదు కాబట్టే ఇంతవరకైనా నోరు పెగులుతోంది. ఒక్కటే మాట, నా మీద జాలి పడకండి. జాలి పడేవాళ్లంటే నాకు మొదటినుంచీ గిట్టదు.

మాది నారాయణఖేడ్. అప్పట్లో కందిపప్పు మిల్లులో పనికి పోయేదాన్ని. మిషన్ పట్టిన పప్పును మేం ఆడవాళ్లం వరసగా కూర్చుని చాటల్లో చెరిగి, రాళ్లూ పొట్టూ ఏరేవాళ్లం. మిషన్ నడుస్తుంటే పక్కమనిషి మాట కూడా వినబడదు. కరెంటు పోతే మాత్రం ఒక్కసారిగా నిశ్శబ్దం. అప్పట్లో కరెంటు రోజూ పోయేది. అది పోగానే నేను పుస్తకం తీసి పైకి చదివేదాన్ని. అక్కడ చదువొచ్చింది నాకొక్కదానికే, అదీ పదో తరగతి తప్పిన చదువు. నేను చదువుతున్నంతసేపూ నా వంతు పప్పు మిగతావాళ్లు పంచుకుని ఏరేవాళ్లు. ఆ కట్టుబాటు ఎవరు పెట్టారో గుర్తు లేదు. నాకు మాత్రం భలే నచ్చింది. నా చేతులు ఖాళీ. అందరి చెవులూ నా నోటి దగ్గర. ఇంట్లో నా మాట పిల్లి కూడా వినేది కాదు మరి.

ఆ ఏడు లైబ్రరీ నుంచి ఒక పాత నవల తెచ్చాను. అందరూ గొప్పదనే నవల. పేరు చెప్పను, నా వల్ల దాని పేరు చెడటం ఎందుకు. కరువులో ఇద్దరు స్నేహితులు రోడ్డు పనికి, కంకర కొట్టడానికి పోతారు. బసప్ప, మల్లయ్య. ఇద్దరికీ కలిపి ఒక్కటే కంబళి. మల్లయ్యకు చలిజ్వరం వస్తుంది. ఒక తెల్లవారుజామున లేచి చూస్తే బసప్ప లేడు. కంబళీ లేదు.

ఆ ముక్క చదివిన రోజు మిల్లులో శాపనార్థాలే శాపనార్థాలు. సత్తెమ్మ మాత్రం చాట ఒళ్లో పెట్టుకుని అట్లాగే కూర్చుంది.

సత్తెమ్మ గురించి చెప్పాలి. నాకంటే పెద్దది, అక్కా అని పిలిచేదాన్ని. నాకు ఆ మిల్లులో ఉన్న ఒకే ఒక మనిషి. సద్ది విప్పితే ముందు నాకు పెట్టేది. అంతకుముందు కొన్నేళ్లు ఆమె బీదర్ వైపు చెరకు నరకడానికి పోయేది. జోడీగా పోయిన మనిషి ఎస్తేరమ్మ, కంగ్టి దగ్గర పల్లె. ఒకరు నరికితే ఒకరు మోపు కట్టేవాళ్లు. ఒక సీజన్లో సత్తెమ్మ జ్వరంతో చెరకాకుల గుడిసెలో పడిపోయింది. పొద్దున లేచేసరికి ఎస్తేరమ్మ లేదు. ఎవరో లంబాడీలు చూసి దవాఖానలో వేస్తే బతికింది. అప్పటి నుంచి ఆ ఇద్దరికీ మాటల్లేవు.

మాటల్లేవన్నానా? ఒకరికొకరికి లేవు. నాతో మాత్రం రోజూ ఎస్తేరమ్మ మాటే. అది దొంగది, అది పాడుది, అది గట్ల నవ్వేది, దాని చేతి రొట్టె గట్లుండేది. తిట్టినా ఆ పేరే, ఏడ్చినా ఆ పేరే. నేను ఆమె పక్కన కూర్చుని, ఆమె పెట్టిన సద్ది తింటూ, ఆమె కోసం పుస్తకాలు వెతికి తెచ్చి, గొంతు పోయేదాకా చదివితే, ఆమె మనసులో మాత్రం వదిలేసిపోయిన మనిషే కూర్చుని ఉండేది. మీకెప్పుడైనా అట్లా అనిపించిందా? తిట్లకు నోచుకున్న మనిషి మీద అసూయ? నాకు అనిపించింది. చెప్పడానికి సిగ్గుగానే ఉంది.

సరిగ్గా ఆ నవల అయిపోవచ్చే రోజుల్లో ఎస్తేరమ్మ మిల్లు గేటు దగ్గరికి మనిషిని పంపింది. ఒకసారి మాట్లాడాలి, శుక్రవారం వస్తా అని కబురు. సత్తెమ్మ ఎర్రబడింది, తెల్లబడింది. చివరికి నవ్వులాట లాగానే అంది.

"గా బసప్పగాడు ఏం జేస్తడో సూద్దాం ఆగు. పుస్తకం ఒడువని. గప్పుడు జెప్త దానితోని మాట్లాడాల్నో వద్దో."

అందరూ నవ్వారు. నేను నవ్వలేదు. ఆమె కూడా లోపల నవ్వలేదని నాకు తెలుసు. మనిషి ఎటూ తేల్చుకోలేనప్పుడు ఆ బరువును ఏదో ఒకదాని మీదికి నెడుతుంది. ఆమె ఆ పుస్తకం మీదికి నెట్టింది. అంటే నా మీదికి.

నాకు తడబడకుండా చదవాలన్న పట్టుదల ఎక్కువ. అందుకని మర్నాడు చదవాల్సింది ఇంటి దగ్గర ముందే చదువుకునేదాన్ని. ఆఖరి అధ్యాయం అప్పటికే చదివేశాను. బసప్ప తిరిగి వస్తాడు. కంబళి అమ్మి మందూ, జొన్నపిండీ తేవడానికి పోయాడు. దారిలో ఆలస్యమైంది. కాళ్లు పగిలి నెత్తురు కారుతుంటే వచ్చి గుడిసె బయట నిలబడతాడు, లోపలికి రావడానికి మొహం చెల్లక. మల్లయ్య ముందు మొహం తిప్పుకుంటాడు. తర్వాత, ఏమీ అనకుండా, చాప మీద కొంచెం జరిగి చోటిస్తాడు. అంతే కథ. అది చదివి నేనూ ఏడ్చాను. ఏడ్చి కూడా ఆ పని చేశాను చూడండి.

మర్నాడు కరెంటు పోయింది. పుస్తకం తెరిచాను. ఆఖరి అధ్యాయానికి ముందు పుట చదివి, కళ్లు అచ్చు మీదే పెట్టి, నా సొంతంగా రెండు వాక్యాలు చెప్పాను. "బసప్ప మళ్లీ ఆ దిక్కు రాలేదు. మల్లయ్య బతికున్నన్నాళ్లు ఆ పేరు ఎత్తలేదు." పుస్తకం మూసేశాను. గొంతు వణకలేదు. పైగా, ఇది కూడా చెప్పేస్తాను, వాక్యాలు బాగా కుదిరాయని లోపల మురిసిపోయాను కూడా.

తర్వాత అభిప్రాయాలు. పుస్తకం అయిపోతే తలా ఒక మాట చెప్పడం మాకు అలవాటు. ఒకామె, "మంచిగ రాసిండు, లోకం గట్లనే ఉన్నది" అంది. ఇంకొకామె, "కంబళి సుత ఇడిసిపెట్టకపాయె, వాని చేతులిరగ" అంది. వరసలో చివర కూర్చునే ముసలామె ఒకతి మాత్రం అనుమానంగా నా వైపు చూసింది. "గింత పెద్ద పుస్తకం గిట్ల ఒడుస్తదా బిడ్డా? ఇంకేమో ఉండాలె" అంది. నేను కస్సుమన్నాను. నీకు చదువొస్తే నువ్వే చదువుకో పో అన్నాను. ఆమె తల దించుకుని పప్పు ఏరుకుంది. ఆ మిల్లులో నిజం పట్టుకున్నది ఆమె ఒక్కతే, ఆమె నోరు నొక్కింది నేను. ఆమె ఇప్పుడు లేదు.

సత్తెమ్మ అంది, "రానోళ్లు రారు. గంత చదువుకున్నాయన రాసిండంటే ఉత్తగనే రాస్తడా?"

శుక్రవారం ఎస్తేరమ్మ వచ్చింది. కొంగు నిండుగా కప్పుకుని గేటు పక్కన నిలబడింది. సత్తెమ్మ లేవలేదు. కనీసం అటు చూడలేదు. ఎస్తేరమ్మ ఎంతసేపు నిలబడిందో, మధ్యాహ్నం ఎండ ఎంత మాడ్చిందో నేను చూస్తూనే ఉన్నాను. లేచిపోయి, అక్కా ఒకసారి మాట్లాడు అంటే అయిపోయేది. మిషన్ అంత మోతలో కూడా చెవిలో చెప్పొచ్చు. నేను లేవలేదు. ఆమె వెళ్లిపోయాక సత్తెమ్మ నా భుజం మీద తల వాల్చింది. నాకు సంతోషమైంది. అవును, సంతోషం. ఆ ముక్క దాచుకుని ఈ కథ చెప్పడం ఎందుకు?

రెండేళ్లు గడవకముందే ఎస్తేరమ్మ పోయింది. గుండెనొప్పి అన్నారు. వాళ్ల ఊరి చర్చి వెనక మట్టి చేశారని తెలిసింది. సత్తెమ్మ మట్టికి పోలేదు. పోవాలా వద్దా అని అడగనైనా అడగలేదు. ఆ రోజు నుంచి మాత్రం ఎస్తేరమ్మ పేరు ఎత్తడం మానేసింది. నేను కల్పించిన వాక్యాన్ని ఆమె అక్షరం పొల్లుపోకుండా బతికింది. అది చూస్తూ నేను పక్కనే ఉన్నాను, ఏళ్లకేళ్లు, అదే సద్ది పంచుకుంటూ. ఎన్నిసార్లు చెప్పాలనుకున్నాను? చెప్పి ఏం లాభం, మనిషే పోయాక, అని సర్దిచెప్పుకున్నాను. అది ఆమె మీద దయ కాదు. నా చోటు పోతుందన్న భయం.

ఇంక ఈ మధ్య సంగతి. లైబ్రరీలో పాఠకుల సమావేశం పెట్టారు. ఆ నవల మీదే. పాత పాఠకురాలినని నన్నూ పిలిచారు. సత్తెమ్మ, నువ్వు మాట్లాడుతుంటే వింటా అని వెంట వచ్చింది. ముందు వరసలో కూర్చుంది. రావద్దనడానికి నాకు సాకు దొరకలేదు.

అక్కడి మాటలు వింటే ఒళ్లు మండింది. స్నేహమంటే ఇట్లా ఉండాలి అని ఒకాయన. కష్టాల్లోనే మనిషి తెలుస్తాడు అని ఇంకొకాయన. కష్టమంటే ఏసీ గదిలో చెమట పట్టడం అనుకునే మొహాలు. తర్వాత ఒక కాలేజీ సారు లేచి, బసప్ప తిరిగి రావడం రచయిత చేసిన తప్పు, పాఠకుణ్ని బుజ్జగించడానికి అతికించాడు అన్నాడు.

సత్తెమ్మ లేచి నిలబడింది. బసప్ప వచ్చుడేంది సారు, నువ్వు సరిగ్గ చదివినవా అని గట్టిగానే అడిగింది. జనం నవ్వారు. సారు కూడా నవ్వి, పుస్తకం నా చేతికిచ్చి, మీరే చెప్పండమ్మా అన్నాడు. అందరూ నా వైపు చూశారు. సత్తెమ్మ కూడా చూసింది, ధీమాగా. నేను ఏం చెప్పానో తెలుసా? పాత అచ్చులో ఆ అధ్యాయం లేదు, తర్వాత కలిపారు అన్నాను. పదిహేనేళ్ల తర్వాత, నిండు సభలో, మళ్లీ. సత్తెమ్మ నవ్విన వాళ్లందరినీ ఒకసారి చూసి గర్వంగా కూర్చుంది. నా కోసం నవ్వులపాలైంది, నా మాట మీదే తల ఎత్తుకుంది. ఛీ, ఇంతకంటే దిగజారడానికి ఏముంది?

మర్నాడు పొద్దున్నే ఆ పుస్తకం పట్టుకుని ఆమె ఇంటికి పోయాను. కొత్త అచ్చు, పాత అచ్చు ఏమీ లేదు, నేనే మింగేశాను అని చెప్పాను. ఆమె తిడుతుందనుకున్నాను. కొడుతుందనుకున్నాను. కొట్టినా బాగుండేది.

"చదువు" అంది.

గుమ్మంలో కూర్చుని చదివాను. మందు, జొన్నపిండి, పగిలిన కాళ్లు, గుడిసె బయట నిలబడటం. మల్లయ్య చాప మీద జరగడం. ఈసారి రెండు చోట్ల చదవడం ఆపబోయాను. ఆమె ఆగనివ్వలేదు. అయిపోయాక అడిగింది.

"ఎస్తేరు గేటు కాడికొచ్చిన నాటికి గీ ముక్క నీకెరికేనా?"

"ఎరికే, అక్కా."

"ఎరికుండి సప్పుడు జెయ్యలే."

"చెయ్యలే."

"అది నాకు ఏం జెప్పనీకె వచ్చిందో ఇప్పుడు ఎవలు జెప్తరే?"

ఎస్తేరమ్మ కూడా ఆ జ్వరం రోజు ఏ మందు కోసమో, బండి కోసమో పోయిందా? లేక నిజంగానే వదిలేసి పోయిందా? తెలుసుకునే ఒక్క దారినీ మూసింది నేను.

"నన్ను అక్కా అనకు ఇగ," అంది సత్తెమ్మ. "ఈ గడప తొక్కకు. పో."

లేచి వచ్చేశాను. క్షమించమని అడగలేదు. అడిగితే ఆ బరువు కూడా ఆమె నెత్తినే పెట్టినట్టు అవుతుంది. ఇన్నేళ్లు పెట్టింది చాలదా?

రెండు రోజుల తర్వాత వాళ్ల పక్కింటామె చెప్పింది, సత్తెమ్మ పొద్దుటి బస్సుకు కంగ్టి పోయిందట. ఎవరినీ వెంట తీసుకుపోలేదట. ఎస్తేరమ్మ ఊరికి ఎక్కడ దిగాలని కండక్టర్ను రెండుసార్లు అడిగిందట. ఆ మాట విని ఇంట్లోకి వచ్చాను. జొన్నరొట్టె, పప్పు ముందు పెట్టుకున్నాను. ఎన్నో ఏళ్ల తర్వాత ఆ పూట కడుపునిండా తిన్నాను, సిగ్గు లేకుండా.