కూతకు సెలవిచ్చిన పంద్రాగస్టు

ఆ రోజుల్లో మా గోదావరిఖనిలో గడియారం ఉన్న ఇల్లంటే, పెళ్ళిలో ఎవరో కానుకగా ఇస్తే గోడకు తగిలించుకున్న ఇల్లే. దానికి కీ ఇచ్చే ఓపిక ఎవరికీ ఉండేది కాదు, అవసరమూ ఉండేది కాదు. పొద్దున గని సైరను కూతకు లేవడం, మధ్యాహ్నం కూతకు అన్నం దించడం, రాత్రి కూతకు పిల్లల్ని కసిరి పండబెట్టడం, అంతే. (కోళ్ళు కూడా కూసేవనుకోండి. కానీ మా కోళ్ళు గని కూత విన్నాకే కూసేవేమోనని నాకు ఇప్పటికీ అనుమానం.) ఇప్పుడు మా మనుమరాలు ఫోన్ మోగించుకుని, ఆపుకుని, మళ్ళీ మోగించుకుని లేస్తుంటే నాకు నవ్వొస్తుంది. మాకు ఊరందరికీ కలిపి ఒక్కటే కూత. దాన్ని ఆపే మీట మా చేతిలో లేదు.

ఆ కూత వేసే మనిషి మా లైన్లోనే, జెండా గద్దె పక్క క్వార్టర్లో ఉండేవాడు. అసలు పేరు ఆయన భార్యకైనా గుర్తుందో లేదో, అందరికీ కూత కాకే. ఆ యేడు పంద్రాగస్టుకు ముందు ఆయన మేనేజరు దగ్గరికి పోయి, "అందరికి సెలవే గదా సార్, నేనొక్కన్నే ఏం పాపం జేసిన?" అని అడిగాడట. మేనేజరు నవ్వి, ఆ నాడు గని ఎట్లాగూ బందే కదా, కూత వద్దులే, నువ్వూ పండుకో అన్నాడట. ముందు రోజు సాయంత్రం కాక ఈ ముచ్చట ఇంటింటికీ చెప్పుకుంటూ వచ్చాడు. "రేపు నాకు గూడ సెలవే వదినా!" అంటే మా అవ్వ (మా వైపు కన్నతల్లిని అవ్వ, నాన్నను బాపు అంటాం) ఎంత సంతోషపడిందో! "ఇన్నేండ్లకు దేవుడు సూసిండు తమ్మీ, కంటినిండ పండుకో" అంది. లైనంతా అట్లాగే అన్నారు. అందరం ఆయన నిద్ర గురించి సంబరపడ్డామే గానీ, మరి మనల్ని లేపేదెవరు అన్న సంగతి ఒక్కరికీ తట్టలేదు.

అసలు ఆ పొద్దున లేవాల్సిన అవసరం అందరికంటే మా ఇంటికే ఎక్కువ. మా లైన్లో ఒక రివాజు ఉండేది. ఆ యేడు ఎవరు రిటైరు కాబోతున్నారో వాళ్ళ చేతనే చౌరస్తాలో జెండా ఎత్తించేవాళ్ళు. ఆ యేటి వంతు మా బాపుది. గనిలో పైకప్పు కూలకుండా దుంగలు నిలబెట్టే పని ఆయనది. చేసినదంతా చీకట్లో, భూమి కడుపులో. ఎంత బాగా నిలబెట్టినా భేష్ అని చూసిన మనిషి లేడు. వెలుతురులో, పదిమంది ముందు చేయబోయే పని ఇదొక్కటే. అందుకే ఆయనకు దడ పట్టుకుంది. దడకు కారణం కూడా ఉంది. నిరుడు జెండా ఎత్తిన పెద్దాయనకు ముడి విడక, లాగి లాగి, చివరికి మూట మొత్తం వచ్చి తలపాగాలా నెత్తి మీద పడింది. అప్పటి నుంచి ఆయన పేరు రుమాలు తాత అయిపోయింది. ఆ పేరు తనకెక్కడ అంటుకుంటుందోనని బాపు పెరట్లో వెదురు కట్టె పాతి, అవ్వ చీరను మూటగట్టి పైకి లాగి, రోజూ సాధన చేసేవాడు.

"ముడి ఇడిందా బిడ్డా?"

"ఇడింది బాపూ."

"మళ్ల కట్టు."

అవ్వ పొయ్యి దగ్గర నుంచే అరిచేది. "ఆ చీర చినిగిందనుకో, కొత్తది తెస్తవా, సెల్యూటు గొట్టి ఊకుంటవా?"

నేనప్పుడు బడి మానేసి ఇంటిపట్టున ఉన్న పద్నాలుగేళ్ళ పిల్లను. చదువు తక్కువైనా గొప్పలకు తక్కువ లేదు. నల్లా దగ్గర బిందె పట్టుకుని నిలబడ్డ ప్రతి పిల్లకూ "రేపు మా బాపు ముడి ఎట్ల ఇప్పుతడో ముందట నిలవడి చూడుండ్రి" అని చెప్పి పెట్టాను. నేను ఎక్కడ నిలబడాలో, ఎవరికి కనబడాలో కూడా చూసి పెట్టుకున్నాను. చెంబులో నిప్పులు పోసి బాపు తెల్లంగీకి ఇస్త్రీ చేసి, మేకుకు తగిలించి, పండుకున్నాం.

తెల్లవారి ముసురు పట్టింది. ఇల్లంతా చీకటిగా, చల్లగా, నిద్రకు ఎంత హాయిగా ఉందో చెప్పలేను. చౌరస్తాలో ఏం జరుగుతోందో మాకు తర్వాత తెలిసింది. ఏటా జెండా, లడ్డూలు తెచ్చే ఆఫీసు క్లర్కు ఒకాయన ఉండేవాడు, కోస్తా నుంచి వచ్చిన మనిషి, మేం లడ్డూల సారు అనేవాళ్ళం. ఆయన ఎనిమిది గంటలకు స్కూటరు మీద వచ్చి చూస్తే గద్దె దగ్గర ఒక మేక తప్ప ఎవరూ లేరు. హారన్ కొట్టాడు. "ఏవండీ! ఎవరైనా ఉన్నారాండీ? ఇవాళ జెండా పండగండీ!" అని కేకేశాడు. మేక దగ్గరికి వస్తుంటే లడ్డూల బుట్ట నెత్తిన పెట్టుకుని, చివరికి పక్కనున్న తలుపు కొట్టాడు. అది కూత కాక ఇల్లు. కాక కళ్ళు నులుముకుంటూ వచ్చి, సారును చూసి, ఖాళీ చౌరస్తాను చూసి, "అయ్యో, నా సెలవు కొంప ముంచిందిరో!" అని సైకిలెక్కాడు. తలుపు తలుపూ తట్టి లేపొచ్చు కదా అనిపిస్తుంది మీకు. పాపం, మనుషుల్ని లేపడం ఆయనకు ఒకటే తీరు తెలుసు. గనికి పోయి, కూత గది తెరిపించి, ఆలస్యమైందన్న కంగారులో మామూలు కంటే పొడుగ్గా, ఆపకుండా వేశాడు.

గని బస్తీలో పుట్టిన వాళ్ళకు చెప్పక్కర్లేదు గానీ, తెలియని వాళ్ళకు చెబుతాను. వేళకాని వేళ పొడుగ్గా కూత వచ్చిందంటే లోపల ప్రమాదం జరిగిందని. లైనంతా ఒక్క అరుపుతో బయటపడింది. జుట్లు విరబోసుకున్న వాళ్ళు, చంకలో పిల్లల్ని ఇరికించుకున్న వాళ్ళు, అందరూ గని దిక్కు ఉరుకుడే. మా అవ్వ నా రెక్క పట్టుకుని ఈడుస్తూ, "మీ బాపు లోపల్నే ఉన్నడే! ఓ దేవుడా, లోపల్నే ఉన్నడే!" అని ఏడుస్తోంది. మా బాపు ఆమె పక్కనే లుంగీ ఎత్తిపట్టుకుని ఉరుకుతున్నాడు.

"ఏందే, నేనీడనే ఉన్న గదనే!"

"నువ్వూకో! ముందుగాల ఆయన సంగతి సూడనియ్యి!"

నేను ఇద్దర్నీ చూస్తూనే, బాపు కోసం వెక్కి వెక్కి ఏడుస్తూ ఉరికాను. (ఆ ఏడుపులో తెలివి ఏమున్నదని అడగకండి.)

గేటు దగ్గర అందరం రొప్పుతూ నిలబడ్డాక కాక బయటికి వచ్చాడు. పని పూర్తి చేసిన తృప్తితో మా అందర్నీ చూసి, "లేసిండ్రా అందరు? జల్ది నడువుండ్రి, సారు లడ్డూలు పట్టుకోని నిలవడ్డడు" అన్నాడు.

మా ఎదురింటి పెద్దమ్మ కాక మీదికి పోయింది. "నీ కూతల మన్నువడ! లేపమంటె పాణాలు తీస్తవార?"

"నన్నంటరేంది? కంటినిండ పండుకొమ్మన్నది మీరే గదా!"

అప్పుడు గానీ మా అవ్వ పక్కకు తిరిగి బాపును చూడలేదు. కింది నుంచి మీది దాకా చూసింది. భుజం పట్టి చూసింది. చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"నువ్వెప్పుడొచ్చినవ్?"

"నీ ఎంబడే ఉరికొచ్చిన."

"మరి చెప్పొద్దా?"

అంతే, ఎవరో ఒకరు నవ్వారు. ఇక చూడండి, ఏడ్చే వాళ్ళు ఏడుస్తూనే నవ్వడం, నవ్వే వాళ్ళు కాకను తిట్టడం. ఆ నవ్వుల్లోనే ప్రతి ఆడమనిషీ తన మగవాణ్ణి తడిమి చూసుకుంటూ చౌరస్తాకు నడిచింది. మా అవ్వ మాత్రం పట్టిన చెయ్యి వదల్లేదు. ఇంటి మలుపు రాగానే బాపు బతిమాలాడు.

"జర చెయ్యి ఇడువే, అంగి ఏసుకోని వస్త."

"అంగి లేకుంటె జెండా ఎగరనంటదా? నడువ్."

అట్లా లుంగీ బనీను మీదనే గద్దె దగ్గరికి చేరాడు. లైనంతా అదే వాలకం. లడ్డూల సారు అందర్నీ పరికించి చూసి, "ఇదేం పద్ధతండీ, పళ్ళన్నా తోముకున్నారా అండీ?" అన్నాడు. బాపు తాడు అందుకున్నాడు. కుడి చెయ్యి ఇంకా అవ్వ చేతిలోనే ఉంది.

"ఇడిస్తె గద నేను గుంజేది!"

"నువ్వు ఆ చేత్తోని వట్టు. నేను ఈ చేత్తోని వడత."

నల్లా దగ్గర నేను ఊరించిన పిల్లలంతా నన్ను చూసి కిసుక్కున నవ్వారు. మా అమ్మానాన్నలు అందరి ముందూ చేతులు పట్టుకుని నిలబడటం! సిగ్గుతో చచ్చిపోయాను. ముందు వరుసలో నిలబడాల్సిన దాన్ని పోయి పెద్దమ్మ వెనక దూరి, ఆమె కొంగులో మొహం పెట్టుకున్నాను. చప్పట్లు వినిపించాయి. బొంగురు గొంతులతో జనగణమన వినిపించింది. తల ఎత్తేసరికి జెండా పైన తడిగాలికి ఎగురుతోంది. ముడి ఒక్క గుంజుడుకే విడిందని లైనంతా ఎన్నేళ్ళో చెప్పుకున్నారు. ఆ మరుసటి యేడు నుంచి కాకకు సెలవు ఇవ్వొద్దని ఆడవాళ్ళే పోయి మేనేజరుకు చెప్పి వచ్చారు.

ఇప్పుడు బాపు లేడు, అవ్వా లేదు. పంద్రాగస్టు వచ్చిందంటే మనుమలు "ముత్తాత జెండా ఎట్ల ఎగరేసిండో చెప్పు" అంటారు. ఎట్లా గుంజాడో, ముడి ఎట్లా విడిందో చేతులు తిప్పి తిప్పి చెబుతాను. మీకు కాబట్టి చెబుతున్నాను, నేను చూసిందేమీ లేదు. పెద్దమ్మ కొంగు కింది నుంచి నాకు కనబడ్డవి బురదలో ఆనుకుని నిలబడ్డ నాలుగు కాళ్ళు, వాటిలో ఒక్కదానికీ చెప్పు లేదు. ఆ పద్నాలుగేళ్ళ పిల్ల ఇప్పుడెక్కడైనా కనబడితే, గడ్డం పట్టుకుని తల పైకెత్తి, "చూడే పిచ్చిదానా, మీ బాపే!" అని చెబుదును.