పక్కింటి హద్దులో దొరికిన కూతురు

నేను ఏడో తరగతి మూడేళ్లు చదివాను. ఆ లెక్కన తొమ్మిది పాసైనట్టేనని మా వకీలు సాబును ఒప్పించి ఉద్యోగం సంపాదించాను. అది 2004. బహ్రెయిన్‌లో, సీఫ్‌లోని ఒక టవర్‌లో ఆయన ఆఫీసు. నా పనిని అక్కడ మందూబ్ అంటారు. కోర్టుకూ సర్కారు కౌంటర్లకూ కాగితాలు మోసుకుపోయి, ముద్ర వేయించుకొచ్చేవాడన్నమాట. చిన్నప్పుడు ఉర్దూ నేర్చుకోవడం వల్ల అరబ్బీ అక్షరాలు కూడబలుక్కుంటాను. అర్థం సగమే తెలిసేది. మిగతా సగం ధైర్యం.

ఒకరోజు వకీలు సాబు నా చేతిలో ఒక ఫైలు పెట్టారు. బుసైతీన్‌లో ఒక పాత ఇల్లు. దాన్ని కొన్నది హైదరాబాదు నుంచి ఓడలో వచ్చిన దర్జీ ఇబ్రహీం. బహ్రెయిన్ ఏ మూలన ఉందో మనవాళ్లకు తెలియని కాలంలో వచ్చి, ఇక్కడివాళ్ల బట్టలు కుట్టి, ఇక్కడి పౌరుడై, తన గల్లీ నుంచి ఎందరినో రప్పించిన మనిషి. ఆయన పోయి చాలా ఏళ్లయినా ఆస్తి ఎవరూ పంచుకోలేదు. ఆయన రెండో భార్య కూడా పోయాక, రిఫాలో ఉండే ముగ్గురు కొడుకులు ఇల్లు అమ్ముదామనుకున్నారు. అమ్మాలంటే ముందు ఫరీదా కావాలి. వారసులెవరో, ఎవరి వాటా ఎంతో కోర్టు తేల్చి ఇచ్చే కాగితం అది.

కొడుకులిచ్చిన జాబితాలో మూడు పేర్లే ఉన్నాయి. ఇంట్లో మాత్రం నాలుగో మనిషి ఉంది. పేరు సకీనా, వయసు అరవై దాటింది. కొడుకులు చెడ్డవాళ్లు కారు. సకీనా తమ నాన్న పెంచుకున్న పిల్ల అని వాళ్లమ్మ చెప్పింది, వాళ్లు నమ్మారు. గుర్తింపు కార్డులో తండ్రి ఇబ్రహీం అనే ఉన్నా, అది జాలిపడి రాయించిందని వాళ్ల మాట. మా షరియత్‌లో పెంచుకున్న బిడ్డకు వాటా రాదు, తండ్రి పేరూ రాదు. తాను పెంచుకున్న బిడ్డనని, అందుకే వాటా రాదని ఆమె చేత సంతకం పెట్టించుకు రావడం నా డ్యూటీ.

ఆమె నన్ను కూర్చోబెట్టి, ఆ కాగితం నా చేతే చదివించుకుంది. ఆమె మాట్లాడింది తండ్రి నేర్పిన హైదరాబాదు ఉర్దూ. నేను మన మాటలో రాస్తున్నాను.

"ఇల్లు అమ్ముకోనీ బేటా, నేను ఇంకెన్ని దినాలుంట. కానీ ఇండ్ల నేను ఇబ్రహీం బిడ్డను కాదని రాసిండ్రు. దానికి నేనెట్ల సంతకం పెట్టాలె?"

రుజువేమైనా ఉందా అని అడిగాను. తల్లి తనను కన్న ఏడాదికే పోయిందని, ఆ రోజుల్లో బుసైతీన్‌లో పుట్టినవాళ్లకు కాగితాలు ఎవరిచ్చారని నన్నే తిరిగి అడిగింది.

సంతకం లేకుండా తిరిగి రావడం మందూబ్‌కు నామోషీ. వకీలు సాబు తిట్టలేదు. రేపు ఇంకో వారసురాలు తేలితే అమ్మకమే చెడిపోతుందని, నెల గడువిచ్చి వెతకమన్నారు.

మూడు వారాలు తిరిగాను. ల్యాండ్ రిజిస్ట్రీలో ఇబ్రహీం వసీకా, అంటే ఇంటి పట్టా, నకలు తీయించాను. అందులో ఆయన పేరూ ఇంటి కొలతలూ తప్ప సంసారం ఊసే లేదు. ఆయన పాత పాస్‌పోర్టులో రెండో భార్యా ముగ్గురు కొడుకులే కనిపించారు. వెతికిన కొద్దీ ఫైలు లావవుతోంది, సకీనా సన్నబడుతోంది.

ఆఫీసు కారు నడిపే లచ్చన్నది జగిత్యాల వైపు. బుసైతీన్ నుంచి వట్టి చేతులతో వస్తూ సముద్రపు వంతెన మీద నా గోడంతా అతనికి వెళ్లబోసుకున్నాను.

"యూసుఫ్ భాయ్, ఎంతసేపూ ముసలాయన కాయితమే జూస్తున్నవు," అన్నాడు. "మా పెద్దనాయిన పట్టా చెదలు తింటే, పక్క పొలపాయన కాయితంల చెక్కుబంది జూసి తేల్చిండ్రు. తూర్పుకెవరు, పడమటికెవరు, అన్ని అండ్ల ఉంటయి."

"ఈ దేశంల చెక్కుబంది ఎక్కడిది లచ్చన్నా?"

"ఇక్కడి ఇండ్లకు గోడలు లేవా మల్ల?"

ఫైల్లోంచి వసీకా తీశాను. అడుగున నాలుగు వరుసలున్నాయి. ఇంతకాలం వాటిని నాకు అర్థంకాని సగంలో వేసుకున్నాను. అవి నాలుగు దిక్కుల హద్దులు. ఉత్తరాన ఒక జాలరి ఇల్లు. లచ్చన్న నేను చెప్పకుండానే కారు వెనక్కి తిప్పాడు.

జాలరి లేడు, కొడుకున్నాడు. మాకు గావా, అదే అరబ్బుల కాఫీ, పోసి, తండ్రి ఇల్లు కొన్ననాటి వసీకా తెచ్చి ముందు పెట్టాడు. దక్షిణపు హద్దు మీద వేలు పెట్టి చదివాను. నా చదువు మీద నాకే నమ్మకం లేక అతని చేత మళ్లీ చదివించాను. దర్జీ ఇబ్రహీం తన భార్యకు మెహరుగా, అంటే నిఖా నాడు పెళ్లికూతురికి ఇచ్చే హక్కుగా, ఇచ్చిన గది. ఆమె మరణం తర్వాత, ఆయనకు ఆమె కన్న కూతురు సకీనాది. కింద తారీఖు, రెండో భార్య ఈ దేశంలో దిగడానికి ఏళ్ల ముందుది.

కోర్టు ఇద్దరు ముసలివాళ్ల సాక్ష్యం కూడా తీసుకుంది. ఫరీదా నాలుగు పేర్లతో వచ్చింది. గది పూర్తిగా సకీనాదేనని తేలింది. ఇంటి నడుమ ఇంకొకరి గది ఉంటే కొనేదెవరు, అమ్మకం ఆగిపోయింది. అదివరకు పేరు పెట్టి పిలిచే పెద్ద కొడుకు, ఆ కాగితం చూశాక గుమ్మంలోనే ఆగి, అక్క వరస పెట్టి, "ఆపా, లోపలికి రావొచ్చా," అని అడిగాడు.

నేను నేర్చుకున్నది ఒకటుంది. ఒక కుటుంబం సంగతి తెలియాలంటే వాళ్ల కాగితాల కన్నా పక్కవాళ్ల కాగితాలు మేలు. ఆ జాలరికి సకీనా వంశంతో పనేమిటి? తన గోడ ఎవరి గోడకు ఆనుకుందో రాయించుకున్నాడు, అంతే. అబద్ధం రాయడానికి అతనికి కారణమే లేదు.

ఫరీదా నకలు ఇవ్వడానికి వెళ్లినప్పుడు సకీనా తన తండ్రి పేరు మీద వేలు పెట్టి, నా చేత మళ్లీ చదివించుకుంది. నాకు ఊరుకోబుద్ధి కాక పిన్నమ్మ వరస కలిపాను.

"ఇంత తిరిగిన గద ఖాలా, నన్ను గూడ పెంచుకోరాదు?"

ఆమె కాగితం మడిచి ఒళ్లో పెట్టుకుంది.

"పెంచుకుంట బేటా. పెంచుకున్నోళ్లకు వాటా రాదని ఆ దినం నువ్వే గద సదివి ఇనిపిస్తివి."