నాలుగు వేళ్ళ పొద్దు

గండయ్య రోజూ సాయంత్రం చేయి చాచేవాడు. మోచేయి వంచకుండా, నాలుగు వేళ్ళు అడ్డంగా పెట్టి, పొద్దుకూ పడమటి గుట్టకూ మధ్య ఎడం కొలిచేవాడు. నాలుగు వేళ్ళు సరిగ్గా పట్టగానే వెనక్కి తిరిగి కెమెరా మీట ఒక్కసారి నొక్కేవాడు. ఎండకు మండిన కళ్ళకు ఆ వేళ్ళనే అద్దుకునేవాడు. మళ్ళీ మర్నాటి దాకా పని లేదు.

శామీర్‌పేట చెరువు ఒడ్డున, జింకల పార్కు కంచె పక్కన ఒక బండ. బండలో మూడు గుంటలు. కెమెరా నిలబెట్టే కర్ర స్టాండు మూడు కాళ్ళూ వాటిలో దిగేవి. గుంటలు తనే తొలిచాడు. లోతు రెండు వేళ్ళు.

అతను చేపలు పట్టేవాడు. తొంభై నాలుగులో జింకల మీద సినిమా తీయడానికి వచ్చినవాళ్ళకు సామాను మోశాడు. అతని చేయి వణకదని కెమెరామన్ జోగారావు గమనించాడు. రిటైరై కౌకూర్‌లో ఇల్లు కట్టుకున్నాక, రెండువేల రెండులో, చెరువు ఎండుతున్నప్పుడు, పిలిచి తన పాత కెమెరా ఇచ్చాడు.

"రోజుకు ఒక్క బొమ్మ, గండయ్యా, పొద్దు ఒకే ఎత్తున ఉన్నప్పుడు. ఇరవై నాలుగు రోజులు కలిస్తే తెర మీద ఒక సెకను. చెరువు ఎండటం, నిండటం నిమిషంలో చూడొచ్చు. స్టాండు మాత్రం కదలకూడదు. కదిలిందా, చూసేవాళ్ళకు భూకంపం వచ్చినట్టుంటుంది."

"నిండుతదా సారూ?"

"అది నువ్వే చూపించాలి."

ఎత్తు మారకుండా గండయ్య స్టాండు కీళ్ళలో మేకులు దిగగొట్టాడు. ఫిలిం ఎక్కడ కడిగించాలో జోగారావు రాసిచ్చిన చీటీని కెమెరా పెట్టెలో దాచాడు.

మొదటి ఏడు నీళ్ళు కట్టకు దూరమయ్యాయి. రెండో ఏడు చెరువు నడుమ నెర్రెలు. వల దూలానికి ఎక్కింది. జీడిమెట్లలో ఒక కంపెనీలో డ్రమ్ములు దొర్లించే పనికి పోయాడు. మూడింటికే బయలుదేరేవాడు.

"రోజూ మూడింటికి నీకేం పుట్టి మునుగుతాందిరా?" అన్నాడు మేస్త్రీ.

"పొద్దు మునుగుతది సారూ."

"అయితే ఆ పొద్దునే పనియ్యమని అడుగు పో."

ఆ పని పోయింది. భార్య సాలమ్మ కూలికి పోయి ఇల్లు నడిపింది.

"కెమెరా లోపట ఏమున్నదో ఓపాలి చూపియ్యరాదా" అనేది.

"తెరిస్తే ఎలుతురు తగుల్తది. మొత్తం పోతది."

"మూడేండ్లాయె. ఉన్నదో లేదో నీకే ఎరుకలేదు."

నిజమే. ఒక్క బొమ్మ కూడా అతను చూడలేదు. చూడటం తెలిసిన జోగారావు ఆ చలికాలం చనిపోయాడు.

రెండువేల అయిదు శ్రావణంలో తొమ్మిది రోజులు వాన. పొద్దు కనబడని రోజుల్లో, అలియాబాద్ బస్సు పోయే వేళకు మీట నొక్కాడు. నీళ్ళు బండ దగ్గరికి వచ్చాయి. పదో రోజు తెరిపి ఇచ్చింది. ఇంకొన్ని రోజులు నొక్కితే చెరువు నిండటం పూర్తవుతుంది.

ఆ సాయంత్రం వెళ్ళేసరికి బండ నిండా పసుపు. మూడు గుంటలూ సిమెంటుతో పూడి ఉన్నాయి. ఒక్కోదాని మీద ఒక కుంకుమబొట్టు. అన్న భార్య బాలనర్సమ్మ పక్కన కూర్చుని ఉంది.

"సూడు మరిదీ. అమ్మకు మూడు కండ్లొచ్చినయి."

"ఇదేంది వదినా?"

"మూడేండ్లు నువ్వు పొద్దుకు చెయ్యి చాపి, కండ్లకద్దుకున్న బండ. ఊకెనే వచ్చినయా నీళ్ళు? మా కొడుకు మల్లేష్ తట్టెడు సిమెంటు తెచ్చిండు. పొద్దుగాలనే పూసినం. రాయి లెక్కయింది."

"నేను దండం పెట్టలే వదినా. పొద్దును కొలిసిన."

"ఏదైతేంది. అమ్మకు ముట్టింది."

పొద్దు ఆరు వేళ్ళ ఎత్తున ఉంది. గండయ్య ఇంటికి ఉరికి ఉలి తెచ్చాడు. అప్పటికి అయిదు వేళ్ళు. బాలనర్సమ్మ బండకు అడ్డం నిలబడింది.

"బొట్టు పెట్టినంక ఉలి పెడతవా? మల్లేష్ నిన్ననే వల దించిండు. మా నోట్ల మన్ను కొట్టకు."

"నీ కాళ్ళు మొక్కుత వదినా."

"నాకెందుకు, అమ్మకు మొక్కు. నీ కెమెరా పెట్టుకో, అమ్మ వద్దంటదా? ఉలి మాత్రం ఆననియ్య."

మూడు బొట్ల మీద మూడు కాళ్ళు పెట్టాడు. స్టాండు ఎత్తయింది. కన్ను ఆనించి చూశాడు. జోగారావు చూపిన గుర్తు ఒకటే: ముందున్న రాతి కొన, దూరాన కట్ట అంచును తాకాలి. ఇప్పుడు రాతి కొన కిందికి జారింది. కొనకూ కట్టకూ నడుమ సన్నగా నీళ్ళు మెరుస్తున్నాయి.

కాళ్ళు అదిమాడు. మేకులు పీకబోయాడు. తుప్పు పట్టి రాలేదు. మూడు వేళ్ళు. రెండు.

"నొక్కరాదా, పొద్దు పోతాంది" అంది బాలనర్సమ్మ.

"ఇట్ల నొక్కితే ఇది ఆ చెరువు గాదు వదినా."

పొద్దు గుట్ట వెనక్కి పోయింది. వేలు మీట మీదే ఉంది. మూడేళ్ళలో నొక్కని రోజు అదొక్కటే.

మరునాడు పొద్దున స్టాండును గడపకు అడ్డంగా పడుకోబెట్టాడు. ఒక్కో కాలి కొసకు రెండు వేళ్ళు ఆనించి బొగ్గుతో గీత గీశాడు. గుంటల మట్టి మరక కూడా అక్కడిదాకానే ఉంది.

"ఎక్కువ కోస్తే మళ్ళ అతకదు" అంది సాలమ్మ.

"ఎరుకే."

గీత మీద రంపం ఆనించి మొదటి కాలు కోశాడు. తరువాత రెండోది. మూడోదాని మీద మళ్ళీ రెండు వేళ్ళు పెట్టి చూసుకుని, రంపం లాగాడు.