చీమలు పట్టిన కారు

కరోనా సద్దుమణిగాక వచ్చిన రెండో వేసవి. అప్పుడు నేను వరంగల్‌లో మోటారు వెహికల్ ఇన్‌స్పెక్టర్‌ని. అసిస్టెంట్ ఇన్‌స్పెక్టర్‌కు పైన, ప్రాంతీయ రవాణా అధికారికి కింద ఉండే పదవి అది. ఖాకీ బట్టలు, భుజాన నక్షత్రాలు. ఆడమనిషి అవి వేసుకుని రోడ్డు మీద నిలబడితే ఎవరైనా పోలీసమ్మ అనే అనుకుంటారు. కాదని చెప్పడం నేను ఎప్పుడో మానేశాను. ఆ అపోహ వల్ల ఒక్కోసారి పని తొందరగా అయ్యేది కూడా.

మా పని లైసెన్సు పరీక్షలు పెట్టడం, బండ్లకు ఫిట్‌నెస్ ఇవ్వడమేనని జనం అనుకుంటారు. ప్రమాదం జరిగితే బ్రేకులు ముందే చెడ్డాయా, గుద్దిన తర్వాత చెడ్డాయా అని చూసి పోలీసులకు రాసిచ్చేది కూడా మేమే. ఎప్పుడో ఒకసారి జిల్లా వినియోగదారుల కమిషన్ నుంచి కూడా లేఖ వస్తుంది. కొన్న సరుకో చేయించుకున్న పనో బాగా లేదని మామూలు మనిషి ఫిర్యాదు చేసుకునే చోటు అది. ఒక కారు రిపేరు మీద తగాదా నడుస్తోంది, ఇరుపక్షాల ఎదుట బండి చూసి అభిప్రాయం చెప్పండి అని ఆ వేసవిలో ఒక లేఖ వచ్చింది. ఇలాంటి పని ఎవరికీ ఇష్టముండదు. ఏం రాసినా ఒకరికి కోపం రావడం ఖాయం. మా అధికారి దాన్ని నా బల్ల మీద పెట్టి, మీకు ఓపిక ఎక్కువ మేడం అన్నారు. నాకు ఓపిక ఉందని ఆయనకు ఎవరు చెప్పారో ఇప్పటికీ అంతుపట్టదు.

ఫిర్యాదు చేసినవాడు సారయ్య. హనుమకొండలో కిరాయి కారు నడుపుతాడు. ఏడుగురు కూర్చునే డీజిలు బండి. నంబరు ప్లేటు కిరాయి బండికి ఉండాల్సిన పసుపుదే, మొదట చూసింది దాన్నే. అలవాటు ఎక్కడికి పోతుంది. రోజూ పొద్దున కొందరు టీచరమ్మలను ఎక్కించుకుని, కాజీపేట నుంచి ఉత్తరంగా వెళ్లే రైలు పట్టాల అవతల ఉన్న ఒక ఊరి బడి దగ్గర దింపి, సాయంత్రం తీసుకొస్తాడు. అదే అతని బతుకుతెరువు. టీచర్లు గంట కొట్టే వేళకు హాజరు వేయాలి. ఆలస్యమైతే రిజిస్టరు ఎవరి మాటా వినదు.

ఒకరోజు బండికి బర్రె అడ్డం వచ్చింది. బర్రె లేచి వెళ్లిపోయింది గానీ కారు ముందు భాగం నుజ్జయింది. సారయ్య దాన్ని కుమారస్వామి షెడ్డుకు తోలుకెళ్లాడు. ఆటోనగర్ వైపు కార్ల షెడ్డు నడిపే మనిషి ఆయన. రేడియేటర్ మార్చి, దాన్ని చల్లబరిచే ఫ్యాను మార్చి బండి ఇచ్చాడు. అప్పటి నుంచి కథ మొదలైంది. కొన్నాళ్లు బాగా నడుస్తుంది, తర్వాత ఫ్యాను తిరగదు, ఇంజన్ కాగిపోతుంది. షెడ్డుకు తీసుకెళితే బాగవుతుంది. మళ్లీ కొన్నాళ్లకు అదే తంతు. బడులకు సెలవులిచ్చే ముందు చివరిసారి ఆగినప్పుడు విజయలక్ష్మి అనే పెద్ద టీచరు దిగి ఒకే మాట చెప్పిందట: ఇంకొక్కసారి ఆగితే మేం వేరే బండి చూసుకుంటాం. బడులు తెరిచేలోపు ఈ సంగతి తేలకపోతే సారయ్యకు ఆ బేరం పోయినట్టే.

తమాషా ఏమిటంటే సారయ్య, కుమారస్వామి చుట్టాలు కారు గానీ ఏళ్లుగా బావా అంటే బావా అనుకునేవాళ్లు. కేసు పడ్డాక మా ఆఫీసు మైదానంలో ఒకరి వైపు ఒకరు చూడకుండా, ఇద్దరూ నాతోనే మాట్లాడారు.

"పాత ఫ్యాను ఏసి కొత్తదన్నడు మేడం. ఆయనను నమ్మి నేను మునిగిన."

"ఏసీ ఏసుకొని బండి ఆపి పండుకుంటడు మేడం. ఫ్యాను ఏం జేస్తది పాపం."

పక్కన ఇద్దరు వకీళ్లు. ఎండలో నల్లకోట్లు వేసుకొచ్చారంటే వాళ్ల పట్టుదల అర్థం చేసుకోవచ్చు. నేను ముందే చెప్పాను: తప్పు ఎవరిదో నేను రాయను, అది కమిషన్ పని. ఏం చెడింది, ఎందుకు చెడింది, అంతవరకే నా పని. ఇద్దరూ తలూపారు. ఇద్దరికీ నా మాట నచ్చలేదని తెలుస్తూనే ఉంది.

బానెట్ ఎత్తి ఇంజన్ వేడెక్కనిచ్చాను. వేడి చూపే ముల్లు పైకి పోయింది, ఫ్యాను తిరగలేదు. ఫ్యానుకు బ్యాటరీ నుంచి నేరుగా కరెంటు ఇచ్చాను, బ్రహ్మాండంగా తిరిగింది. అంటే ఫ్యాను మంచిదే, కొత్తదే. సారయ్య ముఖం వాడిపోయింది, కుమారస్వామి మీసం సర్దుకున్నాడు. ఫ్యాను దాకా వచ్చే వైరును, ఫ్యాను వైరును కలిపే చోట ఒక ప్లాస్టిక్ బిగింపు ఉంటుంది. మెకానిక్కులు కప్లర్ అంటారు. దాని చుట్టూ నల్లటేపు దట్టంగా చుట్టి ఉంది. టేపు విప్పితే లోపలి రాగి ముక్కలు పచ్చటి చిలుము పట్టి పూర్తిగా పాడైపోయి ఉన్నాయి. ఈసారి మీసం సర్దుకోవడం ఆగిపోయింది.

చిలుము పట్టాలంటే తడి కావాలి. అది మే నెల. వరంగల్‌లో మే నెలలో తడి ఎక్కడిది? బండిని నీళ్లతో ఎక్కడ కడిగిస్తావని అడిగితే, తడిబట్టతో తుడవడం తప్ప నీళ్లు కొట్టించనని సారయ్య చెప్పాడు. అప్పుడు ఇంకొకటి కనబడింది. టేపు మీద చీమలు. ఒకటీ రెండూ కాదు, బారు. ఇంజన్ దగ్గర డీజిలు, నూనె, దుమ్ము ఉంటాయి. చీమలకు అక్కడ ఏం పని? నా సర్వీసులో బ్యాటరీ మీద చిలుము లెక్కలేనన్నిసార్లు చూశాను గానీ చీమలను మాత్రం ఎన్నడూ చూడలేదు. ఆ రోజు కాగితం మీద కారణం రాయకుండా, రేపు పని జరిగిన చోటు చూస్తానని రాసి ఇద్దరి సంతకాలు తీసుకున్నాను. అలా చూసే అధికారం మాకుంది. వకీళ్లు మాత్రం నీడలోకి పరిగెత్తారు.

మర్నాడు షెడ్డుకు వెళ్లేసరికి అక్కడ ఇంకెవరిదో కారు రిపేరై బయటికి పోతోంది. కుమారస్వామి చేతులు కడుక్కుని, ఆ బండికి పసుపు కుంకుమ పెట్టి, ఊదుబత్తులు తిప్పి, టైర్ల కింద నిమ్మకాయలు పెట్టాడు. ఇక్కడ ఏ షెడ్డులోనైనా జరిగేదే. తర్వాత కొబ్బరికాయ కొట్టాడు. చాలామంది కాయ నేల మీద కొట్టేసి ఊరుకుంటారు. ఈయన మాత్రం రెండు చిప్పలూ పట్టుకుని, ముందు జాలీలోంచి లోపలికి, రేడియేటర్ మీద పడేలా ఆ నీళ్లన్నీ భక్తిగా పోశాడు.

ఎందుకలా అని అడిగాను.

"ఇంజన్ సల్లగుండాలె గద మేడం. మా నాయన గూడ గట్లనే పోసెటోడు."

సారయ్య బండికి కూడా పోశావా అన్నాను.

"అయ్యో, ప్రతిసారి పోసిన. వేరేటోళ్లకు ఒక్కటే, మా బావ బండికి రెండు కొట్టిన. మల్ల మల్ల ఆగుతాందని దిష్టి తీసిన గూడ."

వెనక నిలబడ్డ సారయ్య అప్పుడు నోరు విప్పాడు. "నేను గూడ శుక్రవారం శుక్రవారం కొట్టి గట్లనే పోస్తాన మేడం. ఆగినప్పటి సంది ఒక్క వారం తప్పలే."

నాకు నవ్వు ఆగలేదు. ఖాకీ బట్టల్లో ఉన్నానని కూడా మరిచి నవ్వాను. బండి ఆగిన కొద్దీ కొబ్బరికాయలు పెరిగాయి, కొబ్బరికాయలు పెరిగిన కొద్దీ బండి ఆగింది. ఆ నీళ్లలో ఉప్పూ ఉంది, తీపీ ఉంది. ఉప్పు రాగిని తింది, తీపి చీమలను పిలిచింది.

అయితే తగాదా అక్కడితో తీరలేదు, ఇంకా ముదిరింది. ఇక తన తప్పేమీ లేదని కుమారస్వామి, పోసింది నువ్వే గదా అని సారయ్య. కేసు పడ్డాక మొదటిసారి ఒకరి ముఖం ఒకరు చూసుకుని తిట్టుకున్నారు. మంచి సూచన అనిపించింది.

నేను అదే షెడ్డులో సారయ్య బండి లాంటిదే ఇంకొకటి చూపించమన్నాను. ఒకటి ఉంది, ఏళ్లుగా ఆయన దగ్గరికే వస్తున్న బండి, ప్రతిసారీ కొబ్బరికాయ కొట్టించుకున్నదే. దాని కప్లర్ ఊడదీయించాను. లోపల రాగి మెరుస్తోంది, చిలుము చుక్క లేదు. ఎందుకంటే కంపెనీ కప్లర్‌లో సన్నటి రబ్బరు రింగు ఉంటుంది. వానలో, వాగులో పోయినా నీళ్లు లోపలికి రానివ్వదు. సారయ్య బండికి బర్రె దెబ్బకు ఆ కప్లర్ పగిలితే, షెడ్డువాళ్లు రబ్బరు లేని లోకల్ కప్లర్ పెట్టి టేపు చుట్టారు. టేపు నీళ్లను ఆపలేదు సరికదా, లోపలికి పోయినవాటిని ఆరనివ్వలేదు. బండి వచ్చిన ప్రతిసారీ చిలుము గీకి మళ్లీ టేపు చుట్టారు. ఎందుకు పడుతోందని ఎవరూ అడగలేదు.

రెండు కప్లర్లూ కుమారస్వామి అరచేతిలో పెట్టాను. చాలాసేపు చూశాడు. "కంపెనీది దొర్కలేదని పోరగాండ్లు అదేసిండ్రు మేడం. నేను సూస్త సూస్త అని మరిసిన," అని, వెనక్కి తిరగకుండానే "తప్పయింది బావా" అన్నాడు. ఆ తర్వాత ఇద్దరూ ఒకే కప్పులో చాయ్ పంచుకోవడం చూశాను.

అసలు చిక్కు రిపోర్టు రాయడంలో వచ్చింది. ముసాయిదా చదివి మా అధికారికి చెమటలు పట్టాయి. కొబ్బరి నీళ్లు అని రాస్తే రేపు పేపర్లో కొబ్బరికాయ కొట్టొద్దన్న అధికారిణి అని వేస్తారు మేడం, జర చూసి రాయండి అన్నారు. ఆయన భయం అబద్ధం కాదు. "రబ్బరు సీలు లేని కప్లర్‌లోకి ఉప్పు, చక్కెర గల ద్రవం చేరి రాగి చెడినది. సీలు ఉన్న కప్లర్‌కు అదే ద్రవం హాని చేయలేదు" అని రాశాను. ఒక్క అక్షరం అబద్ధం లేదు. కమిషన్ సభ్యురాలు అది చదివి, ఏమిటా ద్రవం అని సూటిగా అడిగారు. చెప్పాను. హాల్లో అందరూ నవ్వారు. నల్లకోట్లు నవ్వడం నేను చూసింది ఆ రోజే.

ఇద్దరూ ఒప్పుకోవడంతో వ్యవహారం రాజీకి వెళ్లింది. షెడ్డు తన సొంత ఖర్చుతో కంపెనీ కప్లర్ వేయాలి, మళ్లీ అదే కారణంతో బండి ఆగితే టీచర్ల కోసం కుమారస్వామి తన సొంత కారు పంపాలి, ముందుగా నా ఎదుట బండి నడిపి చూపాలి అని రాసుకున్నారు. కాగితం బాగానే ఉంది. కానీ సారయ్య బేరం కాగితం చేతిలో లేదు, విజయలక్ష్మి టీచరు చేతిలో ఉంది. అందుకే ఆమెను కూడా రమ్మని సారయ్య బతిమాలుకున్నాడు.

కొత్త కప్లర్ వేశాక ఒకరోజు మిట్టమధ్యాహ్నం ఏసీ పెట్టుకుని బయలుదేరాం. టీచరు ముందు సీట్లో, నేను వెనక, నా పక్కన కుమారస్వామి. వెళ్లేటప్పుడు ఏ ఇబ్బందీ లేదు. ఉండదు కూడా, బండి కదులుతున్నంతసేపూ గాలే చల్లబరుస్తుంది. వచ్చేటప్పుడు రైలు గేటు పడింది. ఉత్తరం వైపు నుంచి గూడ్సు బండి, అంతూ పొంతూ లేనిది. బండి నిలిచింది, ఇక ఫ్యాను తప్ప దిక్కు లేదు. ముల్లు మెల్లగా పైకి లేచింది. సారయ్య రెండు చేతులూ స్టీరింగ్ మీద బిగించి ముల్లునే చూస్తున్నాడు. సగం వ్యాగన్లు పోయాక ముందు టక్కుమని చిన్న చప్పుడైంది, ఆ వెంటనే ఫ్యాను గుయ్యిమని అందుకుంది. ముల్లు దిగింది.

గేటు లేచాక విజయలక్ష్మి టీచరు నా వైపు తిరగలేదు, రిపోర్టు గురించీ అడగలేదు.

"బడి తెరిసిన్నాడు ఎప్పటి టైముకే రా సారన్నా," అంది. "కాదు, జర పది నిమిషాలు ముందే వచ్చి హారన్ కొట్టు. సెలవులల్ల నాకు పొద్దుగాల లేసే అలవాటు పోయింది."

సారయ్య చొక్కా చేతితో ముఖం తుడుచుకుని గేరు వేశాడు.

నా సర్వీసులో చాలా బండ్లు చూశాను, చాలా రిపోర్టులు రాశాను. పని మెకానిక్ పానా కింద పెట్టగానే అయిపోయిందని అప్పటిదాకా నేనూ అనుకునేదాన్ని. రిపేరు సరిగ్గా జరిగిందా లేదా తేల్చాలంటే బండి షెడ్డులోకి వచ్చినప్పటి నుంచి గేటు దాటేదాకా దాని మీద పడ్డ ప్రతి చేతినీ చూడాలి. ప్రేమతో పడ్డ చేతిని కూడా.