రెండో నంబరు

మా అక్క నాగులమ్మ నోటికి మైపాడులో ఎదురు లేదు. చేపల గంప ఆటోలో వేసుకుని కోవూరు దాకా పోయి, బేరమాడే వాళ్లందరి నోళ్లూ మూయించి వస్తుంది. అంత నోరున్న మనిషి, ముట్లుడిగిన రెండేళ్లకు మళ్లీ రక్తం కనబడితే సొంత చెల్లెలినైన నాకు కూడా చెప్పకుండా ఐదు నెలలు దాచింది. తలచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్లు మండుతుంది.

విషయం తెలిశాక నేనే నెల్లూరు ఆసుపత్రికి లాక్కుపోయాను. పరీక్ష చేశారు, చిన్న ముక్క తీసి పంపారు, స్కానింగ్ తీశారు. గర్భసంచి ముఖద్వారానికి క్యాన్సర్ అన్నారు.

"రెండో స్టేజీ. ఆలస్యం లేకుండా రేడియేషన్ మొదలుపెట్టాలమ్మా" అని డాక్టరమ్మ చెబితే అక్క బుద్ధిగా తలూపింది. బస్సెక్కాక మాత్రం నవ్వింది.

"రెండే గదే రోజా! రేవులో రెండో నంబరు ఎగరేస్తే ఎప్పుడన్నా మనింటి మీద చుక్క పడిందా? తుఫాను యాడో నడిసముద్రంలో ఉంటది. పదో నంబరు దాకా శానా టైముంది. ఈ వేట సీజను పోనీ."

చెప్పడానికి సిగ్గుగా ఉంది, నేనూ నమ్మాను. తుఫాను హెచ్చరికలు పదకొండు దాకా ఉంటాయి. పుట్టినప్పటి నుంచీ మాకు తెలిసిన లెక్క అదే.

ఏడు వారాలు గడిచాయి. ఒకరోజు నడుంనొప్పితో గంప ఎత్తలేక అక్క రోడ్డు మీదే కూలబడింది. మళ్లీ ఆసుపత్రికి పరుగెత్తాం. పాత కాగితాలు చూసి డాక్టరమ్మ కేకలేసింది.

"ఇన్నాళ్లూ ఏం చేస్తున్నారమ్మా?"

"రెండే గదా మేడం" అంది అక్క. "మొత్తం ఎన్ని ఉంటాయి?"

"నాలుగే."

డాక్టరమ్మ కాగితం మీద బొమ్మ గీసి చూపించింది. ముఖద్వారం దాటకుండా ఉంటే ఒకటి. చుట్టుపక్కలకు పాకితే రెండు. నడుము ఎముకల గోడదాకా పోయినా, మూత్రం దిగే దారిని నొక్కినా, అక్కడి గ్రంథులకు చేరినా మూడు. మూత్రసంచిలోకో, పేగులోకో, ఊపిరితిత్తులకో పోతే నాలుగు.

"నడుంనొప్పి అంటున్నావు. మళ్లీ చూడాల్సిందే" అంది.

స్కానింగ్ గది బయట దేవుడా, మూడనకుండా చూడు స్వామీ అని ఎన్నిసార్లు మొక్కుకున్నానో. బస్సులో నవ్విన అక్కను ఒక్క దెబ్బ వేసి లాక్కురాలేకపోయానే అని నన్ను నేనే తిట్టుకున్నాను.

సాయంత్రం డాక్టరమ్మ పిలిచింది. "ఇంకా రెండులోనే ఉంది. నయమయ్యే అవకాశం బాగానే ఉంది. ఇంటికి పోయి బట్టలు తెచ్చుకోండి, సోమవారం మొదలుపెడదాం."

నేను ఏడ్చేశాను. అక్క కుర్చీలోంచి లేవకుండా డాక్టరమ్మ చెయ్యి పట్టుకుంది.

"ఇంటికి పంపొద్దు మేడమ్మా. పోతే మళ్లీ రాను. మీరు రెండన్న పొద్దే నాకు గుండె జారిపోయింది. అందుకే రెండంటే చిన్నదని చెప్పుకున్నా."