తాలుకంకి

ఆ ఫైనాన్స్ కంపెనీకి మొదటి గుర్తు గీసింది నేను. తెనాలిలో ఈ మాట ఎవరితో అన్నా నవ్వుతారు. నవ్వనీ.

రేపల్లె బస్టాండు దగ్గర ఒక్క గదిలో మొదలైంది ఆ కంపెనీ. అంతకుముందు ఆ యజమాని బియ్యం మిల్లులో గుమస్తా. తెనాలిలో బోర్డులు రాసుకునే నన్ను పిలిపించి, రైతు చూడగానే నమ్మే బొమ్మ ఒకటి కావాలన్నాడు. కోతకొచ్చిన చేను గట్టున ఒక పూటంతా కూర్చుని, గింజ బరువుకు వంగిన వరికంకి గీశాను. మా పనివాళ్లందరి అలవాటే నాదీ. బోర్డు మూలన చిన్న అక్షరాలతో నా పేరు రాసుకున్నాను.

బాపట్లలో రెండో బ్రాంచి తెరిచిన రోజు ఆయన మైకు పట్టుకుని, ఆ కంకిని తానే సిగరెట్ పెట్టె మీద గీశానని చెప్పాడు. వెనక నిలబడ్డ నన్ను చూపించి, "రంగులు మాత్రం మా పెయింటర్ నింపాడండి" అన్నాడు. జనం చప్పట్లు కొట్టారు. మర్నాడు చూస్తే బోర్డు మీద నా పేరు లేదు. దాని మీద పచ్చరంగు పూసేశారు. ఆ రంగు కూడా నా డబ్బాలోదే.

కంపెనీ పెరిగింది. కంకి చుట్టూ కొన్నాళ్లు వలయం ఉంది, కొన్నాళ్లు వెనక సూర్యుడు ఉన్నాడు. అన్నీ నేనే వేశాను, పేరు లేకుండా. తర్వాత హైదరాబాదు డిజైనర్లు వచ్చి వంపు తీసేశారు. కంకి బాణంలా నిలబడింది. ఎదుగుదలకు గుర్తట. బాపట్ల ఆఫీసు గోడ మీద అది వేయమని కాగితం నా చేతికిచ్చారు.

గింజ పట్టిన కంకి వంగుతుంది. నిటారుగా నిలబడేది తాలు, లోపల గింజ ఉండదు. మా డెల్టాలో నారు పోసిన వాళ్లెవరికైనా ఇది తెలుసు. ఏసీ గదిలో కూర్చుని ఆయన మర్చిపోయాడు. నేను మర్చిపోలేదు. గోడంత పెద్దగా వేసి నిచ్చెన దిగాను.

వారం తిరక్కుండానే రైతులు దాన్ని తాలు కంపెనీ అనడం మొదలుపెట్టారు. ఆయన కబురు చేస్తే వెళ్లాను.

"నీకు తెలుసు కదయ్యా. ఒక్కమాట చెప్పకూడదా?"

"నేను రంగులు నింపేవాణ్ణే కదండీ."

ఆయన మొహం అంతలా వాడిపోవడం అప్పుడే చూశాను. బాగుంది.

పోయినేడు ఆయన చనిపోయాడు. కూతురు మా ఇంటికొచ్చింది. రేపల్లె ఆఫీసు ముందు తండ్రి విగ్రహం పెడుతున్నారు, దిమ్మె మీద కంకి వేయాలి. ఇప్పటి నిటారుది వద్దు, మొదటిది, వంగిన కంకే కావాలంది.

"అది మీరే గీశారని నాన్న చివర్లో చెప్పారు, బాబాయ్ గారు. మీతో అనలేకపోయానని బాధపడ్డారు."

ఇన్నేళ్లూ నేను ఎదురుచూసింది ఆ మాట కోసమే. కానీ అబద్ధం మైకులో చెప్పినవాడు నిజం మంచం మీద చెప్పాడు. సరేనమ్మా అన్నాను.

ఆవిష్కరణ రోజు గుడ్డ లాగారు. దిమ్మె మీద కంకి నిటారుగా ఉంది. మూలన నా పేరు, ఈసారి పెద్ద అక్షరాలతో. ముందు వరసలో రైతులు మొహాలు చూసుకున్నారు. ఒకాయన నవ్వు ఆపుకోలేక కండువా నోటికి అడ్డం పెట్టుకున్నాడు.

ఆమె ఏడుస్తుందనుకున్నాను. దగ్గరికొచ్చి నెమ్మదిగా అంది.

"చెరపించను, బాబాయ్ గారు. ఇది మీరే గీశారని అందరికీ చెబుతాను."

మాట తప్పలేదు. ఇప్పుడు రేపల్లెలో ఎవరినడిగినా, తాలుకంకి గీసినవాడని నా పేరే చెబుతారు.