డబ్బా దాచుకొని ముత్తమ్మ ఇంటికి

ఖమ్మంలో ఉదయం ఆరుంబావుకు భద్రాచలం బస్సు ఎక్కేసరికే నాకు ఒళ్లు అలసిపోయింది. నాలుగింటికే లేచి, వేరుగా పెట్టుకున్న గిన్నెలో అన్నం, పప్పు వండి స్టీలు డబ్బాలో సర్దుకున్నాను మరి. నాకు సిలియాక్ అనే జబ్బు ఉందని ఎనిమిది నెలల కిందట తేలింది. గోధుమ రవ్వంత తగిలినా పేగు దెబ్బతింటుందన్నారు. బజారు ఇంగువలో గోధుమపిండి కలుస్తుందని అప్పుడే తెలిసింది. షుగర్‌కి మంచిదని తొమ్మిదేళ్లు రాత్రిపూట చపాతీలే తిన్న మనిషిని నేను.

ఆ తొమ్మిదేళ్లూ దుమ్ముగూడెం వైపు ఒక ఆడపిల్లల హాస్టల్లో వార్డెన్‌గా పనిచేశాను. చపాతీలు చేసిపెట్టింది అక్కడి వంటమనిషి ముత్తమ్మ. ఒక్కసారి ఇంటికొచ్చి తినిపొమ్మని మూడుసార్లు ఫోన్ చేసింది. చుట్టాల ఇళ్లకు డబ్బా తీసుకెళితే మడి కట్టుకున్నానని నవ్వుతారు, పడతాను. ముత్తమ్మది కోయ ఇల్లు. అక్కడ నేను డబ్బా విప్పితే నా జబ్బు కనపడదు, నా కులం కనపడుతుంది. ఏం చెయ్యాలో తేల్చుకోకుండానే బయలుదేరాను.

కండక్టర్ ఆధార్ చూసి ఆడవాళ్లకిచ్చే జీరో టికెట్ చింపి ఇచ్చాడు. ఎనిమిదింటికి కొత్తగూడెంలో టీ కోసం ఆపారు. పక్క సీటావిడ భర్త బొగ్గుబావిలో పనిచేస్తాడట. బిస్కెట్ పొట్లం నా ముందు పెట్టింది. జబ్బు సంగతి మళ్లీ మొదటినుంచి చెప్పే ఓపిక లేక ఉపవాసమన్నాను.

"బుధవారం ఏం ఉపవాసమమ్మా?" అంది. కిటికీ వైపు తిరిగి కూర్చున్నాను.

తొమ్మిదిన్నరకు భద్రాచలం చేరాం. దుమ్ముగూడెం ఆటో నిండడానికి ముప్పావుగంట పట్టింది. పదకొండు దాటాక రోడ్డు పక్కన ముత్తమ్మ కనిపించింది. జుట్టు నెరిసింది, నడక మాత్రం అదే. నా సంచి అందుకోబోతే ఇవ్వలేదు. అక్కడే మొదటి తప్పు చేశాను.

ఇంటి ముందు పందిరి మీద చిక్కుడు విరగకాసి ఉంది. కోడలు మంచం వాల్చింది. ముత్తమ్మ లోపలికి వెళ్లి పళ్లెం తెచ్చింది. అందులో నాలుగు చపాతీలు. వాళ్లింట్లో చపాతీ ఎవరూ తినరు. నాకోసమని భద్రాచలం నుంచి పిండి తెప్పించిందట.

వచ్చేటప్పుడే తిన్నానని అబద్ధమాడాను. సంచిలోంచి మంచినీళ్ల సీసా తీస్తుంటే దాంతోపాటు డబ్బా బయటపడింది. ముత్తమ్మ చూసింది. పళ్లెం కింద పెట్టింది.

"మీరు గూడ మా ఇంట్ల తినరా మేడమ్?"

సిగ్గుతో నాకు ఏడుపొచ్చింది. అప్పుడు అంతా చెప్పాను. గోధుమ పడకపోవడం, రక్తం తగ్గిపోవడం, ఎవరింట్లోనూ తినలేక ఎక్కడికీ పోవడం మానేయడం. ముత్తమ్మ పళ్లెంలోని చపాతీల వైపు చూసింది.

"అన్నేండ్లు నేనే గద చేసి పెట్టిన," అంది. మనిద్దరికీ తెలియదు కదా అన్నాను.

ఆమె లేచి పందిరి చూపించింది. కొత్తల పండుగ చేసి దేవతకు పెట్టేదాకా ఆ చిక్కుడుకాయ వాళ్లెవరూ నోట పెట్టరట. ఎందుకు తినవని ఆ ఊళ్లో ఎవరూ ఎవరినీ అడగరు.

"పండుగైతే మాకు విడుపు. మీకెప్పుడు?"

"నాకు విడుపు లేదు ముత్తమ్మా."

ఆమె చపాతీలు కోడలికిచ్చి చేతులు మోచేతుల దాకా కడుక్కుంది. ఒక గిన్నెను బూడిదతో రెండుసార్లు తోమింది. ఇంగువ వెయ్యాలా అని నవ్వకుండా అడిగింది, వద్దన్నాను. గంటలో వేడి అన్నం, గోంగూర నా ముందుకొచ్చాయి. నా డబ్బా తను తీసుకుంది. పప్పు సప్పగుందని వంకపెడుతూనే అంతా తినేసింది.

మూడింటికి బయలుదేరాను. డబ్బా కడిగి ఇస్తూ, పండుగ కాగానే రమ్మంది. నేను తిన్న గిన్నెను అటక మీద బోర్లించి, మేడమ్ వచ్చేదాకా దాన్ని ఎవరూ ముట్టొద్దని కోడలికి చెప్పింది.

సాయంత్రం ఐదింటి బస్సు. సీటు దొరికినా నిద్ర పట్టలేదు. బయట ఏదైనా తింటే ఐదారు గంటల్లో నొప్పి మొదలవుతుంది. పాల్వంచ దాటింది, కొత్తగూడెం దాటింది. కడుపు మీద చెయ్యి పెట్టుకొని ఎదురుచూశాను. నొప్పి రాలేదు. అలసట మాత్రం పోలేదు, రేపు మళ్లీ నాలుగింటికే లేవాలి.

మా ఇళ్లలో వేరే గిన్నె అనేది లోపలికి రానివ్వని మనుషుల కోసం. మా అమ్మ ముత్తమ్మలాంటి వాళ్లకు గంజి పోసిన సత్తుగిన్నె పెరటి గోడ మీద ఉండేది. ఇప్పుడు ముత్తమ్మ ఇంట్లో నా గిన్నె వేరు. అది అటక మీద, ఇంటి లోపల ఉంది.